బీరువా తాళం తీయండి, పిల్లల్ని ఎంచుకోనివ్వండి

పిల్లలు పుస్తకం పట్టడం లేదని బాధపడని పెద్దలు లేరు. "నీకే పుస్తకం కావాలమ్మా?" అని మూడో తరగతి పిల్లను అడిగిన పెద్దలు మాత్రం అరుదు. ఇంట్లో అమ్మానాన్న కొన్నదే చదవాలి, తరగతిలో ప్రభుత్వం ముద్రించి పంపిందే చదవాలి, లైబ్రరీ పీరియడ్‌లో టీచరు చేతికిచ్చిందే చదవాలి. ఐదేళ్ల ప్రాథమిక చదువు పూర్తయ్యేసరికి తనంతట తాను ఒక్క పుస్తకం కూడా ఎంచుకోని పిల్లలు ఎందరో. అక్షరాలు వచ్చినా చదివే అలవాటు రాకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా గట్టి నమ్మకం.

విశాఖ శివార్లలోని పెందుర్తి లాంటి చోట ఈ సంగతికి మరింత బరువుంది. ఒకప్పటి పల్లె ఇప్పుడు జీవీఎంసీలో భాగం. సుజాతనగర్, చినముషిడివాడ, వేపగుంట వైపు అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. వాటిని కట్టడానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, ఒడిశా నుంచి కుటుంబాలు వలస వస్తాయి. వాళ్ల పిల్లలు సర్కారు బడికే వస్తారు. తెల్లారి పనికి వెళ్లిన తల్లిదండ్రులు పొద్దుగూకాక ఇల్లు చేరతారు. అలాంటి ఇంటి పిల్లకు కథల పుస్తకం దొరికితే బడిలోనే దొరకాలి.

పథకాలకు లోటు లేదు. మన రాష్ట్రం 2020లో "చదవడం మాకిష్టం" కార్యక్రమం మొదలుపెట్టింది. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ తెచ్చి, 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేలోగా ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. గ్రామీణ ప్రాంతాల్లో జరిగిన అసర్ సర్వే ప్రకారం, 2024లో దేశంలోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. 2022లో ఇది 16.3 శాతం. మెరుగుపడిన మాట నిజమే, నడవాల్సిన దూరమే ఎక్కువ.

పుస్తకాలు బడికి వస్తున్నాయి, వచ్చి బీరువాలో కూర్చుంటున్నాయి. టీచర్లను తప్పుపట్టి లాభం లేదు. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన పుస్తకం చిరిగినా, పోయినా జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే. ఆ భయమున్నంత కాలం తాళం పడుతూనే ఉంటుంది. పిల్లల చేతుల్లో నలిగి చిరిగిన పుస్తకం వాడకానికి గుర్తు. ఏటా కొన్ని పుస్తకాలు అలా పోతాయని ముందే ఒప్పుకుని, వాటిని రిజిస్టర్ నుంచి తీసేసే అధికారం హెచ్ఎంకు ఇస్తూ విద్యాశాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి.

తాళం తీశాక ఎంచుకోవడం నేర్పాలి. అది కూడిక, తీసివేతల్లాగే నేర్పితే వచ్చే విద్య. ముప్పై పుస్తకాలు చాప మీద అట్టలు కనబడేలా పరవండి. అట్ట చూడమనండి, నాలుగు పేజీలు తిప్పమనండి, మధ్యలో ఒక పేజీ చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోగా ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం, మరొకటి చూడాలి. చాలా దేశాల బడుల్లో వాడే పద్ధతే ఇది.

తెలుగులో ఒక జాగ్రత్త అవసరం. మన మాటలు పొడుగు. "వెళ్లిపోతున్నప్పుడల్లా" అన్నది ఒకే మాట, అందులోనే నాలుగు ఒత్తులు. పిల్ల అక్కడ ఆగితే ఒత్తు దగ్గర ఆగిందా, అర్థం దగ్గర ఆగిందా అని టీచరు గమనించాలి. కూడబలుక్కుని పైకి చదివాక ముఖం విప్పారితే ఆ మాట తనకు తెలిసిందే, ఆ వేలు ముడవక్కర్లేదు. ఇంట్లో "ఏటి" అనే పిల్లకు పుస్తకంలో "ఏమిటి" కనబడుతుంది. దాన్ని తప్పుగా లెక్కగట్టకూడదు.

"ఈ పుస్తకమే ఎందుకు తీశావు?" అని అడిగితే "దీన్లో ఏనుగున్నాది మేడమ్" అంటుంది పిల్ల. అది చాలు. ఏనుగు కోసం తీసిన పుస్తకంలో ఏనుగుకేమైందో తెలుసుకోవాలంటే చదవక తప్పదు. బొమ్మల పుస్తకాలే తీస్తారని, చదివిందే చదువుతారని కొందరు టీచర్ల బెంగ. తీయనివ్వండి. ఒకే కథను పదిసార్లు చదివిన పిల్లకు ఆ కథలోని మాటలన్నీ సొంతమవుతాయి. నచ్చకపోతే సగంలో వదిలేసే స్వేచ్ఛ కూడా ఉండాలి. లైబ్రరీ పీరియడ్‌లో టీచరు ఇద్దరు ముగ్గురు పిల్లల పక్కన కూర్చుని చదివింది వాళ్ల చేత చెప్పించుకుంటే సరి, పరీక్ష పెట్టక్కర్లేదు.

పుస్తకాల కొరత కూడా ఒకప్పటిలా లేదు. "మంచి పుస్తకం", ప్రథమ్ బుక్స్ వంటి సంస్థలు చిన్న ధరల్లో పిల్లల పుస్తకాలు తెస్తున్నాయి. స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి. ఆ స్థాయిలు టీచరుకు ఆనవాలుగా ఉండాలి, పిల్లకు గోడ కాకూడదు.

పుస్తకాన్ని పాఠకుడి దగ్గరికి చేర్చడం మనకు కొత్త కాదు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవల్లో పుస్తకాలు తిప్పారు. ఈనాటికీ మనం కట్టే ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు చెల్లిస్తున్నాం. ఆ డబ్బులో పిల్లల వాటా ఏదని జిల్లా గ్రంథాలయ సంస్థను అడిగే హక్కు మనకుంది. శాఖా గ్రంథాలయం నెలకోసారి ఓ పెట్టెడు పుస్తకాలు దగ్గరి బడికి పంపి, పాతవి వెనక్కి తీసుకుంటే పిల్లలకు ఎప్పుడూ కొత్తవే అందుతాయి.

పెందుర్తి తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈసారి పేరెంట్ టీచర్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కులతో పాటు మరో ప్రశ్న అడగండి: "ఈ నెలలో మా పిల్ల తనంతట తాను ఏ పుస్తకం తీసుకుంది?" నలుగురు తల్లులు కలిసి అడిగితే బీరువా తెరుచుకుంటుంది.