సాక్ష్యం పూర్తికాని మనిషి

2021 ఏప్రిల్ 9న అమెరికాలో డీఎంఎక్స్ అనే ర్యాప్ గాయకుడు తన 50వ ఏట చనిపోయాడు. అసలు పేరు ఎర్ల్ సిమన్స్. కొకైన్ వలన వచ్చిన గుండెపోటే కారణమని వైద్యాధికారులు తేల్చారు. మన సంఘాల్లో పెద్దలకు ఈ పేరు కొత్త కావచ్చు గాని, ఆయన జీవితం అడిగే ప్రశ్న మాత్రం పాతదే.

ఆయన పాటల్లోని బూతులను, హింసను మేము సమర్థించడం లేదు. అయితే అదే ఆల్బమ్‌లలో ఆయన ప్రార్థనలు కూడా రికార్డు చేశాడు. కచేరీల్లో వేలమంది ఎదుట కన్నీళ్లతో ప్రార్థించేవాడు. 1998లో మొదలుకొని వచ్చిన తొలి ఐదు ఆల్బమ్‌లూ అమెరికా జాబితాలో నేరుగా మొదటి స్థానానికి చేరాయి. పేరు వచ్చింది, ధనం వచ్చింది, విడుదల మాత్రం రాలేదు. జైలు, చికిత్స, మళ్లీ జైలు. 2018లో పన్ను ఎగవేత కేసులో ఏడాది శిక్ష పడింది. 2019లో కచేరీలు రద్దు చేసుకొని మరోసారి చికిత్సకు వెళ్లాడు.

ఈ బానిసత్వం ఎక్కడ మొదలైంది? న్యూయార్క్ పక్కనున్న యాంకర్స్‌లో దెబ్బలు తింటూ పెరిగిన పిల్లవాడు. 14వ ఏట, తాను గురువుగా భావించిన ఒక యువకుడు ఇచ్చిన గంజాయిలో క్రాక్ అనే మత్తు కలిపి ఉందని తనకు తెలియదని, 2020లో ఆయనే బాధతో చెప్పాడు.

ప్రార్థించేవాడు ఎందుకు మళ్లీ మళ్లీ పడ్డాడు? వేషధారి అని తేల్చేయడం తేలిక. కాని చేయగోరిన మేలు చేయలేకపోతున్నానన్న పౌలు మొర రోమా పత్రిక 7వ అధ్యాయంలో ఉంది. దానిని చదివే మనము ఆ మాట అనగలమా?

మన వేదికలకు ముగిసిన సాక్ష్యాలే కావాలి. "ఒకప్పుడు తాగేవాణ్ణి, ఇప్పుడు మానేశాను" అంటే హల్లెలూయ అంటాము. శనివారం రాత్రి మళ్లీ పడిపోయినవాడు ఆదివారం ఏమి చెప్పుకోవాలి?

ఈ తప్పు మేమూ చేశాము. మద్యం మానిన నెలకే ఒక సహోదరుణ్ణి సాక్ష్యానికి నిలబెట్టాము. తరువాత ఆయన పడిపోయాడు, సిగ్గుతో ఆరాధనకు రావడం మానేశాడు. మేము ఆయన ఇంటికి వెళ్లలేదు.

వ్యసనం పాపమే కాదు, రోగం కూడా. ప్రార్థనకు, చికిత్సకు మధ్య పోటీ లేదు. ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబరును ప్రతి సంఘం నోటీసు బోర్డు మీద ఉంచుదాం. కొత్తగా మానినవారిని తొందరపడి వేదిక ఎక్కించవద్దు. చికిత్సకు వెళ్లేవారికి తోడుగా ఒకరు వెళ్లాలి.

ఎన్నిసార్లు క్షమించాలని పేతురు ప్రభువును అడిగాడు. ప్రభువు చెప్పిన లెక్క మనకు తెలుసు. కొన్ని వారాలుగా ఆరాధనలో కనబడని ఆ సహోదరుని ఇల్లు కూడా మనకు తెలుసు.