పిలుపు ఒక్కటే చాలదు, చదువూ కావాలి



హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు మా గదిలో వాళ్ళమందరం కూర్చుని ఆలోచించాం. డీఎస్సీ గురించి, గ్రూప్స్ గురించి, ఇంజనీరింగ్ గురించి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. కానీ మన హాస్టల్ నుంచి రెండు మూడేళ్ళకు ఒకసారి ఒకరో ఇద్దరో వెళ్ళే దారి ఇంకొకటి ఉంది. దాని గురించి ఎవరూ రాయలేదు. అదే దైవసేవ, దాని కోసం చదివే వేదాంత విద్య. థియాలజీ అన్నా అదే.

ముందుగా ఒక మాట. మేమందరం ఒకే మతం వాళ్ళం కాదు. మాలో ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవాళ్ళున్నారు, గుడికి వెళ్ళేవాళ్ళున్నారు, ఏప్రిల్ 14న అంబేడ్కర్ విగ్రహానికి దండ వేయడమే పెద్ద పండుగ అనుకునేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఏ మతం గొప్పదో చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ దారిలో వెళ్ళాలనుకునే విద్యార్థి ఎలాంటి చదువుతో వెళ్ళాలి అన్నదే మా ప్రశ్న.

మా సీనియర్ అన్న ఒకరు డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా సేవకు పిలుపు వచ్చిందని కాలేజీ మానేశారు. ఎక్కడో ఆరు నెలల శిక్షణ అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బంగారు రంగు సీలున్న సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. వాళ్ళమ్మ గారు దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. కొన్నాళ్ళకు ఒక పెద్ద సంఘంలో పాస్టరు పని ఖాళీ ఉందని తెలిసి వెళితే, "బాబూ, ఇది ఎవరిచ్చింది? బి.డి. చేశారా?" అని అడిగారట. అన్న దగ్గర జవాబు లేదు. మళ్ళీ డిగ్రీ కడదామంటే అప్పటికే పెళ్ళయింది, ఇల్లు గడవాలి. ఇప్పుడు వారమంతా రొయ్యల చెరువు దగ్గర కాపలా, ఆదివారం పాకలో ప్రార్థన. మొన్న హాస్టల్‌కి వచ్చినప్పుడు "అన్నా, బాధగా ఉందా?" అని అడిగాం. "సేవ చేస్తున్నందుకు బాధ లేదు తమ్ముళ్ళూ. డిగ్రీ మానేసినందుకే బాధ" అన్నారు. ఆ మాటే ఈ వ్యాసం రాయించింది.

మన పేటల్లో పాస్టరు గారంటే ఆదివారం వాక్యం చెప్పే మనిషి మాత్రమే కాదు. పిల్లకు జ్వరమొస్తే ముందు కబురు వెళ్ళేది ఆయనకే. మొగుడూ పెళ్ళాల గొడవ తీర్చేది ఆయనే. పదో తరగతి తప్పిన కుర్రాణ్ణి మళ్ళీ పరీక్షకు కట్టించాలా, గల్ఫ్ పంపాలా అని తల్లి అడిగేదీ ఆయన్నే. ఆయన "ఆసుపత్రికి తీసుకెళ్ళండమ్మా, ప్రార్థన కూడా చేద్దాం" అంటే ఒక ప్రాణం నిలుస్తుంది. "మందులొద్దు, విశ్వాసం చాలు" అంటే ఆ ప్రాణం ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఇంత బరువు మోసే మనిషికి ఆరు నెలల చదువు చాలునా?

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ ప్రశ్న 1936లోనే అడిగారు. 'కుల నిర్మూలన' పుస్తకంలో ఆయన హిందూ పౌరోహిత్యం గురించి రాస్తూ, వైద్యుడికీ ఇంజనీరుకూ అర్హత కావాలంటున్నప్పుడు పురోహితుడికి మాత్రం పుట్టుక ఒక్కటే అర్హత ఎలా అవుతుందని నిలదీశారు. పౌరోహిత్యం వంశపారంపర్యం కాకూడదు, ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై సనదు పొందినవాడే ఆ పని చేయాలి అని సూచించారు. ఈ మాట గుడి పూజారి గురించి చెబితే మనం చప్పట్లు కొడతాం. కానీ మన పేటలో ప్రార్థన మందిరం తండ్రి తర్వాత కొడుక్కి, కొడుకు తర్వాత అల్లుడికి వెళుతుంటే అదే ప్రశ్న అడుగుతున్నామా? న్యాయం అందరికీ ఒకటే కావాలి కదా.

ఈ చదువు మన గోదావరి ప్రాంతానికి కొత్తది కూడా కాదు. 1836లో ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నర్సాపురం కేంద్రంగా పని చేశాయి. కెనడా బాప్టిస్టులు 1882లోనే సామర్లకోటలో వేదాంత పాఠశాల తెరిచారు. రాజమండ్రిలో లూథర్‌గిరి అనే పేరే లూథరన్ల చదువుకు గుర్తు. 1964లో లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, సి.ఎస్.ఐ. సంఘాలు తమ తేడాలు పక్కనపెట్టి రాజమండ్రిలోనే ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను ప్రారంభించాయి. 1973లో అది హైదరాబాదుకు తరలింది. మన తాతల కాలంలో ఊరి బడి గడప తొక్కనివ్వని చోట పలక పట్టించినవి మిషను బడులు. అక్కడ అక్షరాలు నేర్చుకున్నవాళ్ళలో కొందరు ఉపదేశకులయ్యారు, కొందరు మాస్టర్లయ్యారు. అంటే మన పేటల్లో సేవ, చదువు కలిసే వచ్చాయి. వాటిని విడదీసింది ఈ మధ్యకాలమే.

అసలైన వేదాంత విద్య ఎలా ఉంటుందో తెలిస్తే నకిలీది గుర్తుపట్టడం తేలిక. మన దేశంలో ప్రొటెస్టెంటు సంఘాలు ఎక్కువగా గుర్తించేది శ్రీరాంపూర్ సెనేట్ పట్టాలను. బెంగాల్‌లోని ఆ కళాశాలను 1818లో విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ స్థాపించారు. 1827లో డెన్మార్క్ రాజు దానికి పట్టాలిచ్చే అధికారం ఇచ్చాడు. 1918లో బెంగాల్ శాసనసభ చేసిన చట్టం ఆ అధికారాన్ని నిలిపింది. అక్కడి బి.డి. కోర్సు డిగ్రీ చేసినవారికి సాధారణంగా నాలుగేళ్ళు. తర్వాత ఎం.టిహెచ్., ఆపైన డాక్టరేటు. బైబిలుతోపాటు సంఘ చరిత్ర, నీతిశాస్త్రం, ఇతర మతాలు, సమాజం, కౌన్సెలింగ్ అన్నీ చదవాలి. గ్రీకు, హీబ్రూ భాషల పరిచయం ఉంటుంది. 1980ల్లో అరవింద్ నిర్మల్ వంటి పండితులు మొదలుపెట్టిన దళిత వేదాంతం కూడా ఈ చదువులో భాగమైంది. ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునేవారికి దూరవిద్యలో డిప్లొమా ఇన్ క్రిస్టియన్ స్టడీస్, బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్ ఉన్నాయి. డిగ్రీ పూర్తిచేసి, టీచరు పనో గుమాస్తా పనో చేసుకుంటూ కూడా ఈ చదువు చదవొచ్చన్నమాట. కతోలిక గురువు కావాలంటే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. తత్వశాస్త్రం, వేదాంతం రెండూ ఏళ్ళ తరబడి చదవాలి.

కొందరు పెద్దలు మాతో వాదించారు. "పేతురు జాలరి కదండీ, ఏ సెమినరీలో చదివాడు?" అన్నారు. నిజమే. కానీ ఆయన గురువు వెంట కొన్నేళ్ళు తిరిగి నేర్చుకున్నాడు. పౌలు గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నానని తానే చెప్పుకున్నాడు. అంత దూరం ఎందుకు, పైన చెప్పిన విలియం కేరీనే చూడండి. ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికినవాడు. ఆ పని చేసుకుంటూనే గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. 1814లో మన తెలుగుకు వ్యాకరణం రాసి అచ్చు వేయించాడు. చెప్పులు కుట్టిన చెయ్యి మన భాషకు వ్యాకరణం రాసిందంటే ఆయన పిలుపు దగ్గర ఆగిపోలేదని అర్థం. చదువు లేనివాడికి పిలుపు రాదని మేమనడం లేదు. పిలుపు వచ్చినవాడు చదువు ఎగ్గొట్టకూడదంటున్నాం.

సర్టిఫికెట్ చేతికొచ్చినా తలుపు తెరుచుకోకపోతే ఏమవుతుందో పక్క రాష్ట్రం చూపించింది. తమిళనాడులో అన్ని కులాల వారికీ అర్చక శిక్షణ ఇస్తామని 2007లో పాఠశాలలు తెరిచారు. దళితులతో సహా రెండు వందల మందికి పైగా శిక్షణ పూర్తిచేశారు. కోర్టు కేసుల మధ్య చాలామంది ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. 2021 ఆగస్టులో గానీ వారిలో కొందరికి నియామక పత్రాలు అందలేదు. ఏ మతంలోనైనా సర్టిఫికెట్ ఇచ్చే చోటునే కాదు, దానికి విలువ ఇచ్చే చోటును కూడా ముందే చూసుకోవాలి.

ఇక చేదు మాట ఒకటి. ఇళ్ళలో గుసగుసగా తప్ప ఎవరూ మాట్లాడరు గాని విద్యార్థికి తెలియాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సి గా లెక్కిస్తారు, అందులో రిజర్వేషను ఒక్క శాతమే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, 2025లో మన హైకోర్టు ఈ నిబంధననే గుర్తుచేశాయి. హైకోర్టు కేసులో ఫిర్యాదుదారు ఒక పాస్టరు. మతం మారినంత మాత్రాన హోటల్లో వేరే గ్లాసు పోయిందా అని మేమడుగుతాం. ఈ ఉత్తర్వు మారాలనే మా అభిప్రాయం. ఈ విషయం పరిశీలించడానికి 2022లో కేంద్రం ఒక కమిషన్ కూడా వేసింది. కానీ చట్టం అలా ఉన్నంతకాలం, పాస్టరుగా అభిషేకం పొందే విద్యార్థి తన కులధ్రువీకరణ సంగతి తెలిసే అడుగు వేయాలి. తెలియక చిక్కుల్లో పడటం వేరు, తెలిసి నిర్ణయించుకోవడం వేరు. రెండోదానిలో గౌరవం ఉంది.

మన చెల్లెళ్ళ మాట కూడా చెప్పాలి. గోదావరి ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు చదవడం నేర్పిన బైబిలు స్త్రీలు ఎందరో. అయినా వేదిక మీద కుర్చీ మగవాళ్ళదే అయింది. 2013లో నంద్యాల డయాసిస్‌కు పుష్పలలిత గారు సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్ అయ్యారు. బాలికల హాస్టల్‌లో చదివే చెల్లెలికి ఈ కోరిక ఉంటే నవ్వకండి.

చివరిగా ఈ దారిలో వెళ్ళదలచిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మా మనవి. ముందు డిగ్రీ పూర్తిచేయండి. స్కాలర్‌షిప్పు, హాస్టల్ సీటు ఉన్నప్పుడు కాక మరెప్పుడు చదువుతాం? తర్వాత ఏ సంస్థలో చేరాలన్నా నాలుగు ప్రశ్నలు వేయండి. పట్టా ఇచ్చేది ఎవరు? దాన్ని ఏ సంఘాలు గుర్తిస్తాయి? అక్కడ పాఠం చెప్పేవాళ్ళు ఏం చదివారు? సేవ దొరక్కపోతే ఈ చదువుతో ఇంకేం చేయగలను? జవాబులు నోటిమాటగా కాదు, కాగితం మీద అడగండి. డబ్బు కడితే డాక్టరేటు ఇస్తామన్నవాళ్ళకు దణ్ణం పెట్టి వచ్చేయండి.

సంఘాల పెద్దలకూ ఒక మనవి. మందిరానికి ఇంకో అంతస్తు వేసే ఏడాది, ఆ కానుకల్లో కొంత తీసి పేటలో ఒక్క డిగ్రీ విద్యార్థిని బి.డి.కి పంపండి. వార్డెన్ గారికి కూడా ఒక విన్నపం. వచ్చే ఏడాది కెరీర్ గైడెన్స్ రోజున బ్యాంకు ఉద్యోగితో పాటు బాగా చదువుకున్న ఒక పాస్టరు గారినీ పిలవండి. మా సీనియర్ అన్నను కూడా పిలవండి. వస్తావా అన్నా అని మేము ముందే అడిగాం. "ఆయ్, తప్పకుండా వస్తాను. నాకు జరిగింది వాళ్ళకు జరగకూడదు కదా" అన్నారు.

ఇట్లు,
మీ హాస్టల్ డిగ్రీ విద్యార్థులం