సెకండ్ హ్యాండ్ ట్రైల్ బైకు కొంటున్నారా? మీటరులో కిలోమీటర్లు చూసి మురిసిపోకండి

"12,400 కిలోమీటర్లే తిరిగింది బ్రో. సింగిల్ ఓనర్. షోరూమ్ కండిషన్."

పోయినేడాది నేను ఓ పాత ట్రైల్ బైకు కొన్నప్పుడు అమ్మినాయన చెప్పిన మాటలివి. తమాషా ఏంటంటే ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. మీటరు తిప్పలేదు, ఆర్‌సీలో ఒకటే పేరు, ట్యాంకు మీద గీత కూడా లేదు. అయినా మూడు నెలలు తిరక్కుండానే ఆ బండి నన్ను వాలులో కింద పడేసింది. బ్రాండ్ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు. చూడాల్సింది చూడకుండా కొన్న నాది.

ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే చోట బైకు గోలేంటి అనుకోకండి. పాత ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? డిస్‌ప్లే మెరుపు చూసి డబ్బులివ్వం కదా. బ్యాటరీ హెల్త్ అడుగుతాం. ఐఫోన్ 15 నుంచి అయితే సెట్టింగ్స్‌లోనే సైకిల్ కౌంట్ కనిపిస్తుంది. ఫోన్ ఏ సంవత్సరంలో కొన్నారనేదాని కంటే ఎన్నిసార్లు చార్జ్ అయిందనేది ముఖ్యమని మనకు తెలుసు. అదే మనం, బైకు దగ్గరికొచ్చేసరికి ఒక్క ఓడోమీటరు నంబరు చూసి తల ఊపేస్తాం.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. ఆన్‌లైన్ ప్రకటనల్లో "ట్రయల్స్ బైకు" అని కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ ట్రైల్ బైకే. అసలు ట్రయల్స్ బండి వేరు. దానికి కూర్చోడానికి సీటే ఉండదు, బరువు 70 కిలోల చుట్టుపక్కల, రాళ్ళ మీద నిలబడి మెల్లగా తోలే పోటీ దానిది. కాలు నేల మీద ఆనితే ఒక పాయింటు పెనాల్టీ, పూర్తిగా ఆగిపోతే అయిదు. అట్లాంటివి మన రోడ్ల మీద రిజిస్ట్రేషన్ చేసుకుని తిరగడానికి పుట్టినవి కావు. మన పాత బళ్ళ మార్కెట్లో దొరికేది 2011లో వచ్చిన ఇంపల్స్, 2016 హిమాలయన్, 2019 నుంచి ఎక్స్‌పల్స్ 200, ఈ వరస. అయితే ఆ పోటీ బళ్ళ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాటి సర్వీసు లెక్క కిలోమీటర్లలో ఉండదు, ఇంజను నడిచిన గంటల్లో ఉంటుంది.

ఈ సంగతి నాకు ఇంట్లోనే ఒకరు చెప్పారు. బండి చూపించగానే మా నాయన అడిగిన మొదటి మాట, "ఎన్ని గంటలు తిరిగిందంట?" నేను నవ్వినా. "ఇది ట్రాక్టరు కాదు నాయనా, కిలోమీటర్లు అడగాల" అన్నా. పాత ట్రాక్టరు కొనే రైతు ఎవరైనా అవర్ మీటరే చూస్తాడు, దున్నే బండికి దూరంతో పనేముంది?

లెక్క చూడండి. పుత్తూరు నుంచి తిరుపతి రోడ్డెక్కి గంటకు 60లో మూడు గంటలు తోలితే 180 కిలోమీటర్లు. అదే బండిని కైలాసకోన వైపు గుట్టల కింద రాళ్ళ దారిలో ఫస్టు, సెకండు గేర్లలో గంటకు 8 చొప్పున మూడు గంటలు తోలితే 24 కిలోమీటర్లు. ఇంజను పని చేసింది రెండిట్లోనూ మూడు గంటలే. రెండో దాంట్లో క్లచ్ సగం నొక్కి సగం వదిలి, గాలి తగలక వేడెక్కి, దుమ్ము మింగి, వంక నీళ్ళలో బేరింగులు నాని ఉంటాయి. మీటరు మాత్రం 24 అనే చూపిస్తుంది. కాబట్టి ట్రైల్ బైకులో తక్కువ కిలోమీటర్లు అనేది ఒక్కోసారి మంచి వార్త కాదు.

నా బండికి జరిగింది అదే. కొండ కింద మామిడి తోపు నుంచి పైకి వస్తుంటే క్లచ్ జారింది. ఇంజను అరుస్తోంది, బండి కదల్లేదు, వెనక్కి జారి నా చెయ్యి కింద పడింది. విరిగిన ఎముకకు కట్టు కట్టించుకోడానికి జనం చెన్నై నుంచి, బెంగుళూరు నుంచి మా ఊరొస్తారు. నాకు ఆటో చార్జీతో పోయింది. ఎక్స్‌రే తీయించుకుని పుత్తూరు కట్టు కట్టించుకున్నా, ఆ సౌకర్యం మీ అందరికీ ఉండదు కదా.

మెకానిక్ అన్న బండి విప్పి ఒక్కొక్కటీ చూపించాడు. "దీన్ని గుట్టల్లో బాగా తోలినారు సామీ. ఫిల్టరు ఒక్కసారి కూడా తీసినట్టు లేదే." క్లచ్ ప్లేట్లు, ఫోర్క్ సీళ్ళు, రెండు చక్రాల బేరింగులు, హ్యాండిల్ కోన్ సెట్టు, చెయిన్ కిట్టు. 78 వేల బండికి ఇంకో 16 వేలు. చెయ్యి సంగతి వేరే.

నగరిలో మగ్గాల షెడ్డు నడిపే నా ఫ్రెండ్ అదే మోడల్ 41 వేల కిలోమీటర్ల బండి కొన్నప్పుడు నేనే ఎగతాళి చేశా. దాని పాత ఓనరు రోజూ హైవే మీద ఉద్యోగానికి పోయొచ్చిన మనిషి, సర్వీసు బిల్లులు కవర్లో పెట్టి ఇచ్చాడు. రెండేళ్ళయింది, ఆయిలు, బ్రేక్ ప్యాడ్లు, ఒక టైరు తప్ప వాడు వేరే ఖర్చు చూడలేదు. రెండు బళ్ళతో ప్రపంచాన్ని తేల్చేయలేం, నిజమే. కానీ మా వైపు ఇలాంటి బళ్ళు వాడేవాళ్ళని అడిగితే నాకు వినిపించింది ఎక్కువగా ఈ కథే.

మరి ఏం చూడాలి? మీరు వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉండాలి, చెయ్యి పెట్టి చూడండి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టారంటే అనుమానించండి. ఎయిర్ ఫిల్టరు మూత తీయించి లోపలి వైపు, అంటే ఇంజను వైపు, వేలితో రాయండి. అక్కడ సన్న దుమ్ము తగిలితే ఇంకేం చూడకుండా ఇంటికొచ్చేయొచ్చు, నా మాటైతే అదే. బండి కింద పడుకుని ఇంజను గార్డు మీద రాళ్ళ దెబ్బలు చూడండి, ట్యాంకు చెప్పని చరిత్ర అది చెబుతుంది. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు పోయినట్టు. స్పోకుల మీద స్పానరుతో మెల్లగా కొట్టుకుంటూ పోండి, అన్నీ మోగి ఒకటి మొద్దుగా పలికితే అది వదులు. మూడో గేర్లో మెల్లగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పండి. శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. నేను చెయ్యని పరీక్ష ఇదొక్కటే, దాని ఖరీదు పైన చెప్పా.

మా పుత్తూరు లాంటి సరిహద్దు ఊళ్ళలో ఇంకో ఆశ ఉంటుంది, తమిళనాడు బండి చవగ్గా వస్తుందని. వస్తుంది. కానీ ఫారం 28 ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది కలుపుకుని బేరమాడండి. ఎంపరివాహన్ యాప్‌లో ఫైనాన్స్ బాకీ ఉందేమో చూడడం మర్చిపోకండి.

కంపెనీలను అడగాల్సింది కూడా ఒకటుంది. ఈ బళ్ళ డిజిటల్ కన్సోల్‌కి బ్లూటూత్ పెట్టారు, ఫోన్ ఎవరు చేస్తున్నారో చూపిస్తున్నారు, దారి చూపిస్తున్నారు. ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపించడానికి ఏం అడ్డం? నేను తిరిగి చూసిన పాత ట్రైల్ బైకుల్లో ఒక్కదాని మీటరులోనూ ఆ అంకె లేదు. కంప్యూటర్ పెట్టిన ఇంజనుకు గంటలు లెక్కపెట్టడం కష్టమైన పని కాదు. యాభై ఏళ్ళ కిందటి ట్రాక్టరు చేసిన పనే అది.

చెయ్యి బాగయింది. బండి కూడా ఇప్పుడు బాగానే ఉంది, అమ్మేద్దామనుకుంటున్నా. ప్రకటనలో 15,000 కిలోమీటర్ల పక్కన "ఎక్కువ భాగం గుట్ట దారుల్లో, క్లచ్ కొత్తది, బిల్లులున్నాయి" అని రాశా. నగరి ఫ్రెండ్ చూసి, మొదటి ముక్క తీసేయ్, పది వేలు తగ్గిస్తారు అన్నాడు. తీయలేదు. వారం అయింది, ఇప్పటిదాకా ఇద్దరే ఫోన్ చేశారు. ఇద్దరూ అడిగింది మైలేజీ ఎంత అని.