వార్ గేమ్‌లోకి బెంగళూరు విమానాల ఫ్యాక్టరీ.. బోనస్ ఎంతివ్వాలి? చిక్కంతా ఇక్కడే!

రెండో ప్రపంచ యుద్ధాన్ని మొత్తం కంప్యూటర్‌లో ఆడించే గేమ్.. హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4. స్వీడన్‌కి చెందిన పారడాక్స్ కంపెనీ 2016 జూన్ 6న రిలీజ్ చేసింది. ఇందులో మీ చేతికి తుపాకీ ఇవ్వరు, ఏకంగా ఒక దేశాన్నే ఇస్తారు. 1936 నుంచి ఫ్యాక్టరీలు కట్టాలి, ఆయుధాలు తయారు చేయించాలి, ఆ తర్వాతే యుద్ధం. 2025 మార్చిలో వచ్చిన 'గ్రేవ్‌యార్డ్ ఆఫ్ ఎంపైర్స్' అప్‌డేట్‌లో బ్రిటిష్ ఇండియాకి కొత్త కథనం కూడా చేర్చారు.

ఇలాంటి గేమ్ ఆడేవాళ్లందరికీ ఒక కోరిక ఉంటుంది. మన దేశం కంపెనీ కూడా ఇందులో ఉండాలి! పేరు, లోగో పెట్టేస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ అంత ఈజీ కాదు. ఎందుకో చూద్దాం.

గేమ్‌లో కంపెనీ అంటే ఏంటి?

మొదట్లో ఇది చాలా సింపుల్‌గా ఉండేది. పొలిటికల్ పవర్ అనే పాయింట్లు ఖర్చుపెడితే ఒక ట్యాంకుల కంపెనీయో, విమానాల కంపెనీయో మీ దేశానికి పనిచేసేది. దాంతో కొంత శాతం బోనస్ వచ్చేది.

2023 అక్టోబర్‌లో 'ఆర్మ్స్ అగైనెస్ట్ టిరనీ' అప్‌డేట్‌తో ఈ లెక్క మారింది. ఇప్పుడు ప్రతి కంపెనీ పెరుగుతుంది. రీసెర్చ్, తయారీ పనులు అప్పగించేకొద్దీ దానికి నిధులు చేరతాయి, సైజు పెరుగుతుంది, కొత్త ప్రత్యేకతలు ఎంచుకోవచ్చు. ఒక కంపెనీ విమానాల స్పీడ్ పెంచితే, ఇంకోటి ఖర్చు తగ్గిస్తుంది, మరోటి విమానం మొరాయించకుండా రిలయబిలిటీ పెంచుతుంది.

ఆటగాళ్లు కూడా సొంతంగా కంపెనీల్ని చేర్చుకోవచ్చు. వీటినే మోడ్స్ అంటారు. గేమ్ ఫైళ్లు చాలావరకు మామూలు టెక్స్ట్ ఫైళ్లే. పేరు, బొమ్మ, ఏ ఆయుధాలు చేస్తుంది, ఏ ఏడాది నుంచి దొరుకుతుంది, బోనస్ ఎంత.. ఇవి రాస్తే చాలు. టెక్నికల్‌గా పెద్ద పనేం కాదు. అసలు కష్టం ఆ బోనస్ దగ్గర ఏ నంబర్ రాయాలన్నదే. ఎందుకంటే ఆ నంబరే చరిత్ర గురించి మీరిచ్చే తీర్పు.

బెంగళూరు కథ తెలుసా?

ఉదాహరణకి మీరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని చేర్చాలనుకున్నారు అనుకుందాం. ఇప్పటి హెచ్‌ఏఎల్‌కి అసలు పేరు అదే. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్, అప్పటి మైసూర్ సంస్థానంతో కలిసి 1940 డిసెంబర్‌లో బెంగళూరులో పెట్టారు. అమెరికాకి చెందిన విలియం పాలీ సాయం చేశారు. 1941లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం వాటా తీసుకుంది. మరుసటి ఏడాది జపాన్ సేనలు బర్మాలోకి వచ్చేసరికి మేనేజ్‌మెంట్‌నే చేతుల్లోకి తీసుకుంది.

మరి యుద్ధంలో ఈ ఫ్యాక్టరీ ఏం చేసింది? హార్లో అనే ట్రైనింగ్ విమానం, కర్టిస్ హాక్ ఫైటర్ ఇక్కడి నుంచి ఎగిరాయి. రెండూ అమెరికా డిజైన్లే. తయారైన హాక్‌ల సంఖ్య కూడా చాలా తక్కువ. 1943లో అమెరికా వైమానిక దళం ఈ ఫ్యాక్టరీని వాడుకోవడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ప్రధాన పని రిపేర్లు, ఓవర్‌హాల్. దెబ్బతిన్న, అరిగిపోయిన మిత్రదేశాల విమానాలు ఇక్కడికి వచ్చి మళ్లీ రెక్కలు తొడుక్కుని వెళ్లేవి.

పూర్తిగా మనవాళ్లే డిజైన్ చేసిన హెచ్‌టీ-2 ట్రైనర్ గాల్లోకి లేచింది 1951లో. అంటే యుద్ధం అయిపోయిన ఆరేళ్లకి.

ఇప్పుడు చెప్పండి. ఈ కంపెనీకి 'విమానాల డిజైన్ 15 శాతం ఫాస్ట్' అని రాస్తే ఏమవుతుంది? ఆడేవాళ్లకి పండగే. కానీ అది జరగని చరిత్ర. న్యాయంగా రాయాలంటే 1940 డిసెంబర్ దాకా కంపెనీ కనిపించకూడదు. డిజైన్ బోనస్ ఉండకూడదు. వేరే దేశం డిజైన్‌ని లైసెన్స్ మీద తయారు చేసే పద్ధతి గేమ్‌లో ఎలాగూ ఉంది, దానికి ముడిపెట్టాలి. రిపేరు పనికి గేమ్‌లో దగ్గరగా ఉండేది రిలయబిలిటీ, దాన్ని పెంచాలి. చూడ్డానికి చప్పగా ఉంటుంది. కానీ నిజం అదే.

ఇందులో తక్కువ చేయడం ఏమీ లేదు. సొంత విమానం ఎందుకు లేదు అని ఆడే కుర్రాడు ఒక్కసారి ఆలోచిస్తే చాలు. వలస పాలనలో పరిశ్రమని ఎంతవరకు ఎదగనిచ్చారో ఆ చిన్న నంబరే చెబుతుంది. పెద్ద నంబర్ వేస్తే ఆ ప్రశ్నే రాదు.

మన వైజాగ్ సంగతి

ఇదే వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ తరఫున విశాఖలో షిప్‌యార్డ్ మొదలుపెట్టారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేశాయి. ఇక్కడ కట్టిన మొదటి ఓడ 'జల ఉష'. దాన్ని నెహ్రూ నీటిలోకి వదిలింది 1948లో. అది కూడా సరుకుల ఓడ. తెలుగువాళ్లుగా మనకి వైజాగ్‌ని గేమ్‌లో చూడాలనే ఉంటుంది. కానీ 1942లోనే యుద్ధనౌకలు కట్టే కంపెనీగా పెడితే అబద్ధమే అవుతుంది.

అలాగని బ్రిటిష్ ఇండియా దగ్గర ఏమీ లేదనుకోవద్దు. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు చేసింది. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ చేసిన కవచపు రేకులతో సాయుధ వాహనాలు తయారయ్యాయి. ధైర్యంగా ప్లస్ వేయాల్సింది వీటికే!

నంబర్ వెనక మనుషులు

ఇప్పుడు జర్మనీ వైపు చూద్దాం. అక్కడ సమస్య ఇంకా సీరియస్. గేమ్‌లో జర్మనీ తీసుకుంటే ఐజీ ఫార్బెన్ అనే కెమికల్ కంపెనీ రీసెర్చ్ వేగం పెంచేదిగా కనిపిస్తుంది. చరిత్రలో ఇదే కంపెనీ ఆష్విట్జ్ పక్కన మోనోవిట్జ్‌లో సింథటిక్ రబ్బర్ ప్లాంట్ కట్టింది. అందులో ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించింది. వేల మంది ప్రాణాలు పోయాయి. యుద్ధం తర్వాత నూరెంబర్గ్‌లో నడిచిన కేసులో ఈ కంపెనీకి చెందిన 13 మందిని దోషులుగా తేల్చారు.

గేమ్‌లో ఆ క్యాంపుల ఊసే ఉండదు. ఆ నరమేధాన్ని ఆటగా మార్చకూడదన్న నిర్ణయం సరైనదే. ఎవరూ కాదనరు. కానీ క్యాంపుల్ని తీసేసి, వాటితో లాభపడ్డ కంపెనీని మాత్రం ప్లస్ గుర్తుతో ఉంచితే మిగిలేది ఏంటి? ఉచిత ప్రచారం! దీనికి మార్గం లేకపోలేదు. కంపెనీ పేరు మీద మౌస్ పెడితే కనిపించే వివరణలో రెండు వాక్యాలు రాయొచ్చు. ఎవరి చెమటతో, ఎవరి రక్తంతో ఆ ఉత్పత్తి జరిగిందో చెప్పొచ్చు. ఆట ఆగదు, నిజం దాగదు.

పేరు వాడుకుంటే కేసు పెడతారా?

ఈ డౌట్ కూడా చాలామందికి ఉంది. ఒక ముఖ్యమైన కేసు చూద్దాం. కాల్ ఆఫ్ డ్యూటీ గేమ్‌లో తమ హమ్వీ వాహనాన్ని వాడారంటూ ఏఎం జనరల్ కంపెనీ అమెరికాలో యాక్టివిజన్ మీద కోర్టుకెళ్లింది. 2020లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు గేమ్ కంపెనీ వైపే తీర్పిచ్చింది. యుద్ధం నిజంగా కనిపించాలంటే నిజమైన వాహనాలు చూపించడం కళలో భాగమేనని భావించింది. అయితే ఇది ఒక దేశంలో, ఒక కేసులో వచ్చిన తీర్పు. అన్నిచోట్లా ఇదే చెల్లుతుందని అనుకోకూడదు.

ఫైనల్‌గా..

రెండో ప్రపంచ యుద్ధం గురించి పుస్తకంలో చదివే కుర్రాళ్ల కన్నా గేమ్‌లో చూసేవాళ్లు ఎక్కువైపోతున్న రోజులివి. వాళ్లకి బెంగళూరు ఫ్యాక్టరీ పేరు మొదటిసారి తెలిసేది కూడా ఇలాంటి స్క్రీన్ మీదే కావచ్చు. కాబట్టి మోడ్ చేసేవాళ్లు లోగో గీయడానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఆ కంపెనీ ఎప్పుడు మొదలైంది? నిజంగా ఏం చేసింది? ఎవరితో చేయించింది? వీటికి జవాబు దొరికితే బోనస్ ఎంతో దానంతట అదే తేలిపోతుంది.

మరి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌కి మీరైతే ఏ బోనస్ ఇస్తారు?