అసలు హంతకుడెవరు?

మాక్స్ అలన్ కాలిన్స్ 1999లో వెలువరించిన ‘ది టైటానిక్ మర్డర్స్’ అనే అపరాధ పరిశోధక నవల ఈమధ్యనే చదివాను. ఇందులో పరిశోధకుడు చరిత్రకెక్కిన మనిషే: ‘ఆలోచనా యంత్రం’గా పేరొందిన ప్రొఫెసర్ వాన్ డ్యూసెన్ పాత్రను సృష్టించిన అమెరికన్ కథకుడు జాక్ ఫుట్రెల్. 1912 ఏప్రిల్‌లో భార్యను పడవ ఎక్కించి, తాను మాత్రం ఓడతోపాటు కడలిపాలైనవాడు.

అభిమన్యుడు తిరిగిరాడని తెలిసే పద్మవ్యూహ ఘట్టం వింటాం. ఇక్కడా అంతే. ఫుట్రెల్ చిక్కుముడి విప్పుతున్నంతసేపూ నాకు కలిగింది ఉత్కంఠ కాదు, కరుణ.

అయితే నాదొక అభ్యంతరం. హంతకుడు దొరికితే న్యాయం జరిగినట్లేనన్న తృప్తిని ఇటువంటి నవలలు మిగులుస్తాయి. ఆ ఓడలో ఉన్నవారు 2,200 మందికి పైమాటే. రక్షక పడవలు 20. వాటిలో చోటు 1,178 మందికి. నాటి బ్రిటిష్ నిబంధన కోరినదానికంటె అదే ఎక్కువ! మరణించినవారు సుమారు 1,500 మంది. ఆ నేరానికి సాక్ష్యం పై అంతస్తున అందరి కళ్ళెదుటే వేలాడుతూ ఉంది. చట్టమే సమ్మతించిన నేరాన్ని ఏ పరిశోధకుడు పట్టుకోగలడు?

నవల చదవదగినదే. కాని ఆ పడవలను లెక్కపెట్టని పాఠకుడు అసలు రహస్యాన్ని చదవనట్లేనని నా అభిప్రాయం. మిత్రులేమంటారో?