చేతిలో తాడు, నీళ్ళమీద చుట్టాలు



మా ఊరు కొల్లేటికి దగ్గరే. డిసెంబరు నెలాఖరున ఒకనాడు ఇంకా తెలవారకమునుపే దుప్పటి కప్పుకొని, మా కుక్క మోతీని వెంటబెట్టుకొని కాలువగట్టు మీదుగా బయలుదేరాను. పొగమంచులో వరికుప్పలు గుడిసెల్లా కనబడుతున్నాయి. కోతకు ముందు చల్లిన మినుములు అప్పుడే రెండాకులు వేశాయి. పొలం మీద ఒక చిన్న తెల్లని డేగ గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ ఎలుక కొరకు కాచుకొని ఉంది. రైతుకు కూలి అడగని కాపలాదారు అది!

కాలువ మలుపు దాటగానే నీటిమడుగు. దానినిండా బాతులు. నేను "అదిగో!" అన్నానో లేదో, మోతీ ఒక్క దూకు దూకింది. వందలాది పక్షులు ఒక్కసారిగా లేచిపోయాయి. ఆ రెక్కల చప్పుడుకు నేను చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాను.

వల తీస్తున్న ఒక తాతగారు నావైపు చూసి, "ఏం బాబూ, కుక్కను కట్టుకోకూడదా? దూరాన్నుంచి వచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే కుక్కచేత తరిమిస్తామా?" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయన మాట అక్షరాలా నిజం. చలికాలంలో మన నీళ్ళలో దిగే సూదితోక బాతులు హిమాలయాలకు ఆవల, ఉత్తర ఆసియాలో గుడ్లు పెట్టి పిల్లలను చేసుకుంటాయి. అక్కడ చలి ముదరకముందే వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడకు వస్తాయి. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఇక్కడ తిన్న తిండితోనే కూడబెట్టుకోవాలి. మనము ఒకసారి బెదరగొడితే వాటికి తినే సమయము పోతుంది, దాచుకున్న బలమూ ఖర్చవుతుంది. మనకది ఒక నిమిషము వినోదము, వాటికి దారిబత్తెము. కొల్లేరును 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. అయితే జాబితాలు మోతీని పట్టుకోలేవు గదా! అది నా పని.

మరునాడు తాడు కట్టి తీసుకువెళ్ళాను. వింత ఏమంటే, ఆ దినమే ఎక్కువ చూశాను. గడ్డివామి దగ్గర మోతీ ఆగి, చెవులు నిక్కించి, ముక్కు పైకెత్తింది. అది చూసినవైపే నేనూ చూశాను. ఒక నక్క వంచిన తలతో గట్టు దాటి తుప్పల్లోకి వెళ్ళిపోయింది. నా కళ్ళు మాత్రమే అయితే దానిని చూసేవి కావు. తాడు మోతీని ఆపింది, మోతీ నన్ను ఆపింది.

గనుక తల్లిదండ్రులారా, ఈ సెలవులలో పిల్లలను ఒక ఉదయం చెరువుగట్టుకు తీసుకువెళ్ళండి. కుక్క వెంట వస్తే తాడు కట్టండి. రేబిస్ టీకా ఏటేటా వేయించండి. ఆ జబ్బు కుక్కనుండి నక్కకు, నక్కనుండి కుక్కకు, వాటినుండి మనుష్యులకు కూడ సోకుతుంది. పక్షులు తలలెత్తి చూడసాగాయంటే మీరు మరీ దగ్గరకు వచ్చారని గుర్తు. అక్కడే ఆగి, చూసినవి పిల్లలచేత ఒక నోటుబుక్కులో వ్రాయించండి.

ఎండలు ముదిరేవేళకు ఆ చుట్టాలు తిరిగి వెళ్ళిపోతాయి. ఆ దినమున తాతగారి ప్రక్కన నిలబడి, మోతీ తాడు చేతిలో పట్టుకొని, వాటిని సాగనంపాలని నా ఆశ.