ఐదో దోసె ఎవరి కోసం?

ఈ నెల మన శీర్షికకు వచ్చిన ప్రశ్న వైద్యానికి సంబంధించింది కాదు. టోవా పాయోలో మా పక్క బ్లాకులో ఉండే సోదరి ఒకరు అడిగారు: "మా అబ్బాయి నవంబరులో ఎ లెవెల్ ఎకనామిక్స్ రాయాలి. క్షీణోపాంత ప్రయోజన సూత్రం గడగడా అప్పజెబుతాడు గాని, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తెల్లముఖం వేస్తాడు. రాత్రి ఒంటిగంట దాకా చదువుతూనే ఉన్నాడు. ఇంకేం చేయించాలి డాక్టరు గారూ?"

గుంటూరులో వైద్యం చదివినవాణ్ణి. అయినా జవాబు ఆవిడ ప్రశ్నలోనే ఉంది గనుక చెబుతాను.

ఒకే వస్తువును వెంటవెంటనే వాడుతూ పోతే, అదనంగా వాడిన ఒక్కొక్కదాని వల్ల కలిగే తృప్తి తగ్గుతూ వస్తుంది. సూత్రం ఇంతే. జర్మనీలో గోసెన్ 1854లోనే రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1871లో ఇంగ్లండులో జెవన్స్, ఆస్ట్రియాలో మెంగర్ ఎవరికి వారే ఈ ఆలోచనకు వచ్చారు.

మంచి ఆకలి మీద హాకర్ సెంటర్లో దోసెలు తింటున్నారనుకోండి. (ఇక్కడి బోర్డు మీద 'తోసై' అని ఉంటుంది లెండి.) తృప్తికి మార్కులు వేద్దాం. మొదటి దోసెకు 10, రెండోదానికి 7, మూడోదానికి 3, నాలుగోదానికి సున్న, ఐదోదానికి మైనస్ 4. ఇప్పుడు కూడండి: 10, 17, 20, 20, 16.

పిల్లలు తడబడేది ఇక్కడే. మూడో దోసె దగ్గర ఉపాంత ప్రయోజనం తగ్గింది. మొత్తం ప్రయోజనం పెరిగింది! ఉపాంతం సున్న అయినచోట మొత్తం గరిష్ఠం. అది దాటితేనే మొత్తం కూడా తగ్గుతుంది. "తగ్గింది" అనగానే "ఏది తగ్గింది?" అని అడిగే అలవాటు చేయండి. మరో మాట: పొద్దున ఒక దోసె, రాత్రి ఒక దోసె తింటే సూత్రం వర్తించదు. మళ్లీ ఆకలేసింది కదా!

ప్రాణం నిలిపే నీళ్లు చవక, వజ్రం ప్రియం ఎందుకని ఆడమ్ స్మిత్ 1776లో ఆలోచించాడు. నీళ్ల మొత్తం ప్రయోజనం కొండంత. కాని కుళాయి నిండుగా వస్తుంటే ఇంకో బిందె వల్ల ఒరిగేది గోరంత. ధర ఆ గోరంతను బట్టే ఉంటుంది. 1963లో ఇదే సింగపూరులో నీళ్లకు రేషన్ పెట్టినప్పుడు ఆ బిందె విలువ వేరు.

ఇక అబ్బాయి సంగతి. ఉన్న గంటలను, ఆఖరి గంట ఇచ్చే ఫలితం ప్రతి సబ్జెక్టులోనూ సమానంగా ఉండేట్టు పంచుకోవాలి. దీన్నే సమోపాంత ప్రయోజన సూత్రమంటారు. ఆ పంపకంలో నిద్రకూ వాటా ఉండాలి. చదివినది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే. అర్ధరాత్రి దాటాక చదివే గంట ఐదో దోసె లాంటిది.

పిల్లల చదువుకోసమే కదా ఇంత దూరం వచ్చామంటాం. నిజమే. కాని మరో ట్యూషన్ పెట్టించే ముందు, ఆ గంట వాడికి ఎన్నో దోసె అవుతుందో ఒక్కసారి లెక్క వేయండి.

వచ్చే నెల రక్తపోటు గురించి.